పొయ్యి ఆరిపోయిందని చెప్పకూడదు: డిమెన్షియా ఉన్న ఒక పొగాకు రైతు కేసు

నేను ఒంగోలు శివార్లలో, కర్నూలు రోడ్డుకి కాస్త లోపలగా ఉన్న ఒక వృద్ధుల కేర్ హోమ్‌లో నర్సింగ్ ఇన్‌చార్జ్‌ని. 22 పడకలు, అందులో 9 మందికి డిమెన్షియా, అంటే మతిమరుపు, అయోమయం పెరుగుతూ పోయే జబ్బు. ఈ కేసు రాయడానికి కుటుంబం ఒప్పుకుంది. వాళ్లను గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. మా పొరపాట్లు మాత్రం మార్చలేదు.

ఆయన్ని పెద్దాయన అనే రాస్తాను. 76 ఏళ్లు, టంగుటూరు వైపు పల్లె. నలభై ఏళ్లు వర్జీనియా పొగాకు వేశారు, సొంత బ్యారన్ (పొగాకు ఆకుని వేడితో ఆరబెట్టే గది) ఉండేది. చదువు ఐదో తరగతి. భార్య పోయి నాలుగేళ్లు. మూడేళ్ల కిందట గుంటూరులో న్యూరాలజిస్టు ఎమ్మారై తీయించి మిశ్రమ డిమెన్షియా అన్నారు, అంటే ఆల్జీమర్స్‌తో పాటు మెదడులోని సన్న రక్తనాళాలు కూడా దెబ్బతిన్నాయని. బీపీ, అదుపులో ఉన్న షుగర్, పెరిగిన ప్రోస్టేట్, సరిగా వినపడని ఎడమ చెవి. మా దగ్గర చేరేనాటికి జ్ఞాపకశక్తిని, ఆలోచనని చూసే ఎంఎంఎస్ఈ పరీక్షలో 30కి 13 వచ్చాయి. చదువు తక్కువైనవాళ్లకు ఆ పరీక్షలో మార్కులు ఎలాగూ తగ్గుతాయి కాబట్టి ఆ అంకెను నేను పెద్దగా పట్టించుకోను. కండువా మడతపెట్టి భుజాన వేసుకోగలరు, అన్నం కలుపుకుని తినగలరు, కూలీల లెక్క నోటితో చెప్పగలరు. ఇవాళ ఏ వారమో చెప్పలేరు. కూతుర్ని ఒక్కోసారి చెల్లెలనుకుంటారు.

ఊళ్లో ఉన్నన్నాళ్లు ఆయన తిరుగుడు ఎవరికీ సమస్య కాలేదు. టీకొట్టు దగ్గర ఒకరు, రామాలయం దగ్గర ఒకరు "యాడికి పెదనాన్నా" అని చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చేవాళ్లు. భార్య పోయాక కొడుకు హైదరాబాద్ తీసుకెళ్లాడు. కూకట్‌పల్లిలో నాలుగో అంతస్తు ఫ్లాటు. ఆరు నెలల్లో రెండుసార్లు లిఫ్టెక్కి దిగిపోయారు, రెండోసారి మెట్రో స్తంభాల కింద దొరికారు. కూతురిది సింగరాయకొండ, వాళ్లింట్లో మంచాన పడ్డ అత్తగారు ఉన్నారు. అలా నవంబరులో మా దగ్గరికొచ్చారు. "నాన్నని హోమ్‌లో పడేశారని ఊళ్లో అంటున్నారు సిస్టర్" అని కొడుకు చేర్చిన రోజే రెండుసార్లు అన్నాడు. ఆ మాట బరువు తర్వాత మా నిర్ణయాల మీద కూడా పడింది, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నవంబరు, డిసెంబరు బాగానే గడిచాయి. జనవరి ఆఖర్లో తలుపు వైపు వెళ్లడం మొదలైంది.

గేటు తీసింది మేమే

ఫిబ్రవరి మొదటి వారం, సాయంత్రం 5:40. మా వాచ్‌మన్ కొత్తవాడు. తెల్ల చొక్కా, పంచె, భుజాన కండువా, చేతిలో నీళ్ల సీసా, నడకలో తొందర చూసి లోపల ఎవరినో పలకరించి వెళ్తున్న చుట్టం అనుకున్నాడు. లేచి నిలబడి నమస్కారం పెట్టి గేటు తీశాడు. పెద్దాయన తల ఊపి వెళ్లిపోయారు. సీసీ కెమెరాలో ఆ ఎనిమిది సెకన్లు ఎన్నిసార్లు చూశానో నాకే తెలియదు.

6:05కి మాత్రలివ్వబోతే మంచం ఖాళీ. బాత్రూములు, డాబా, స్టోర్ రూమ్ వెతికాం. దానికి పది నిమిషాలు చాలు. మేం ముప్పావుగంట తీసుకున్నాం. నిజం చెప్పాలంటే ఆ మిగతా సమయం "ఇంట్లోవాళ్లకి ఇప్పుడే చెప్పాలా, కాసేపు చూద్దామా" అని మాలో మేం నలగడానికి పోయింది. హోమ్ పరువు పోతుందన్న భయం. పైగా 24 గంటలు దాటితేగానీ పోలీసులు తీసుకోరని మా స్టాఫ్‌లో ఒకరు గట్టిగా అన్నారు. అలాంటి నియమమేదీ లేదు, 112కి ఎప్పుడైనా చెప్పొచ్చు. మేం 6:50కి చేశాం. అప్పటికి చీకటి పడింది.

అందరం రోడ్డు మీదికే పరిగెత్తాం. కర్నూలు రోడ్డంటే చీమకుర్తి నుంచి గ్రానైట్ దిమ్మెలు వేసుకుని దిగే లారీలు, మా టెన్షనంతా అదే. ఒకరు బస్టాండుకి, ఒకరు రైల్వేస్టేషన్‌కి, ఇద్దరు బైకు మీద హైవే దాకా వెళ్లారు. మా వెనక ప్రహరీ అవతల ఖాళీ స్థలం వైపు టార్చి వేసుకుని రెండుసార్లు పేరు పెట్టి పిలిచి, జవాబు రాకపోతే వచ్చేశాం. 7:45కి ఆ పక్కనే గుడిసెలో ఉండే మేకలావిడ వచ్చి "చిల్లచెట్లలో ఎవరో నిలబడున్నారమ్మా" అంది. గేటు నుంచి 400 మీటర్లు కూడా ఉండదు. పంచె చిల్లకంపకు పట్టుకుని ముందుకీ వెనక్కీ కదల్లేక ఆయన అలాగే నిలబడిపోయి ఉన్నారు. ఒక కాలికి చెప్పు లేదు. మోకాళ్ల కింద ముళ్ల గీతలు. మేం పిలిచినప్పుడు అక్కడే ఉన్నారు, పలకలేదంతే.

డిమెన్షియాతో తప్పిపోయినవాళ్లు చాలాసార్లు ఏదో అడ్డం తగిలేదాకా నడుస్తూనే ఉంటారు. అడ్డం తగిలితే దారి మార్చుకోవడం తెలియక పొదల్లోనో కాలవలోనో ఇరుక్కుంటారు. పిలిస్తే పలకరు, సాయం అడగరు, బయల్దేరిన చోటికి దగ్గర్లోనే దొరుకుతారు. తప్పిపోయినవాళ్లను వెతకడంలో శిక్షణ పొందినవాళ్లకు ఇవి మొదటి పాఠాలు. పదమూడేళ్లు నర్సుగా చేసి కూడా నేనవి ఆ రాత్రి తర్వాతే చదివాను.

తాళం వేసిన వారం

తెల్లారేసరికి కొడుకు కారేసుకుని వచ్చాడు. తండ్రి కాళ్లకు కట్టిన గాజుగుడ్డ చూసి, "ఒక తాళం వెయ్యడానికి ఏమైంది సిస్టర్ మీకు?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. వరండా గ్రిల్‌కి, గేటుకి తాళాలు పడ్డాయి.

అంతకుముందు ఆయన తలుపు దాకా వెళ్తే ఏదో మాట చెప్పి తీసుకొచ్చేవాళ్లం. తాళం పడ్డాక గ్రిల్ పట్టుకుని ఊపడం మొదలుపెట్టారు. ఆ చప్పుడుకి లోపల ఇద్దరు ఆడవాళ్లు ఏడుపు. ఒకావిడ "మమ్మల్ని ఏం నేరానికి వేశారమ్మా ఇక్కడ" అని నన్నే అడిగింది. నాలుగో రోజు అడ్డుపడిన ఆయా మణికట్టు మెలిపెట్టారు. ఆయన జీవితంలో ఎవరి మీదా చెయ్యి ఎత్తలేదని కూతురు చెప్పి ఏడ్చింది.

ఆరో రోజు రాత్రి కరెంటు పోయింది, అదే సమయానికి వంటగదిలో గ్యాస్ వాసన. గ్రిల్ తాళంచెవి వాచ్‌మన్ జేబులో ఉంది, వాచ్‌మన్ టీకొట్టు దగ్గర ఉన్నాడు. ఆరు నిమిషాలు పట్టింది అతను రావడానికి. సిలిండర్ రెగ్యులేటర్ సరిగా పడలేదు, అంతే, ఏమీ కాలేదు. ఆ ఆరు నిమిషాల తర్వాత నేను గ్రిల్ తాళం తరఫున వాదించడం మానేశాను.

కొడుకు ఇంకో రెండు అడిగాడు. రాత్రిపూట నడుముకి మెత్తటి గుడ్డ కడితే? నిద్రమాత్ర ఇస్తే? కట్టేయడం గురించి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పేది వివరించాను. అప్పటికప్పుడు జరగబోయే హానిని ఆపడానికి వేరే దారి లేనప్పుడే, అదీ సైకియాట్రిస్టు అనుమతితో, అవసరమైనంతసేపే. స్టాఫ్ సరిపోరన్నది కారణం కాకూడదని చట్టంలో విడిగా రాసి ఉంది. మా హోమ్ ఆసుపత్రి కాదు కదా అని తప్పించుకోవచ్చేమో, నాకు ఆ వాదన నచ్చదు. మాత్రల సంగతి డాక్టరుగారే చెప్పారు. ఇలాంటి వాళ్లను మత్తుగా ఉంచడానికి వాడే యాంటీసైకోటిక్ మందులతో డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లలో మరణాలు పెరుగుతున్నాయని అమెరికా ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరిక పెట్టింది. నిద్రమాత్రలతో పడిపోవడాలు. తుంటి విరిగితే ఇక తిరగరు, నిజమే, కానీ అది మనం కోరుకునే పరిష్కారం కాదు కదా అన్నారు. కొడుకు కోపం తెచ్చుకోలేదు. కుర్చీలో కూలబడి, "మరి ఏం చేద్దాం మీరే చెప్పండి" అన్నాడు.

నోటు పుస్తకం

రెండు వారాలు ఏమీ మార్చకుండా రాద్దామని ఒక రూళ్ల నోటు పుస్తకం పెట్టాం. ఎన్ని గంటలకు తలుపు వైపు వెళ్లారు, దానికి పావుగంట ముందు ఇంట్లో ఏం జరుగుతోంది, ఒంటి మీద ఏముంది, చేతిలో ఏముంది, నోటివెంట ఏం మాటొచ్చింది, దేనికి శాంతించారు. చివరి గడి తప్ప మిగతావి నింపడం ఆయాలకు విసుగే. అందుకే రోజూ సాయంత్రం నేనే కూర్చుని అడిగి రాశాను.

14 రోజుల్లో 23 సార్లు. 13 సార్లు సాయంత్రం 5 నుంచి 6:30 లోపు. 8 సార్లు రాత్రి 1 నుంచి 3:30 మధ్య. మిగతా రెండూ అటూ ఇటూ. రాత్రిపూట మాట ఎప్పుడూ ఒకటే: "పొయ్యి చూసొస్తా." సాయంత్రం మాత్రం మాట తక్కువ. "పోవాల", "పొద్దుగూకింది", ఒక్కోసారి ఏమీ లేదు.

పొయ్యి అనగానే నాకు కథంతా అర్థమైపోయిందనుకున్నాను.

పొగాకు వెయ్యని వాళ్ల కోసం చెప్తాను. కోసిన పచ్చాకు కర్రలకు కట్టి బ్యారన్‌లో వరసలుగా వేలాడదీస్తారు. బయట పొయ్యిలో కట్టె మండుతుంటే ఆ వేడి గొట్టాల గుండా లోపల తిరుగుతుంది. మొదట ఆకు పసుపు తిరిగేదాకా 90, 100 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర నిదానంగా ఉంచాలి. తర్వాత ఆకు ఆరడానికి పెంచుకుంటూ పోయి, చివర ఈనె ఆరడానికి 160 దాకా తీసుకెళ్లాలి. ఐదారు రోజులు, పగలూ రాత్రీ. మధ్యలో వేడి పడిపోతే ఆకు నల్లబడుతుంది, వేలంలో దాని మొహం చూసేవాడుండడు. వేడి మితిమీరి ఎండుటాకు గొట్టాల మీద రాలితే బ్యారనే తగలబడుతుంది. కూతురు పదో తరగతిలో ఉండగా వాళ్ల బ్యారన్ అలాగే ఒక రాత్రి కాలిపోయింది. కాపలా ఉన్నది పెద్దాయనే. కునుకు పట్టింది. ఆ తర్వాత సీజన్‌లో ఆయన రాత్రిళ్లు పడుకోవడం తను చూడలేదని చెప్పింది. ఆకు క్యూరింగ్ మా వైపు జనవరి నుంచి మార్చి దాకా. నవంబరులో వచ్చిన మనిషి జనవరి ఆఖర్లో మొదలుపెట్టడానికి ఇంతకన్నా ఏం కారణం కావాలి?

98 దగ్గర ఆగిన ముల్లు

నర్సింగ్ స్టేషన్ పక్క గోడకి 180 రూపాయలు పెట్టి ఒక మామూలు థర్మామీటర్ కొని తగిలించాను. ఆయన లేచినప్పుడు "వేడి ఎంతుంది పెదనాన్నా?" అని అడిగితే చూసి చెప్పి పడుకుంటారని నా ప్లాన్. మొదటి రాత్రి 2:10కి లేచారు. నైట్ సిస్టర్ అడిగింది. ఆయన దగ్గరికెళ్లి కళ్లు చికిలించి చూశారు. 74. గది వేడి అంతే కదా మరి. "డెబ్బై నాలుగా!" అని గ్రిల్ వైపు దాదాపు పరిగెత్తారు. బ్యారన్‌లో 74 అంటే పొయ్యి చచ్చిపోయినట్టు. ఈ మాత్రం నాకు తట్టలేదు.

అల్లుడు ఊళ్లో కొట్లు తిరిగి ఒక డయల్ మీటర్ తెచ్చాడు, వెనక స్క్రూతో ముల్లు తిప్పుకోవచ్చు. ముల్లుని 98 దగ్గర పెట్టాం. ఆ రాత్రి మళ్లీ లేచారు, చూశారు. "తొంభై ఎనిమిది. ఇంకా తిరగలా ఆకు."

"రేపటికి తిరుగుతుందా?" అంది సిస్టర్.

"తిరుగుద్ది. తొందరపడకూడదు." బాత్రూముకి వెళ్లొచ్చి పడుకున్నారు.

ఇదంతా మీటరు గొప్పే అని రాస్తే అన్యాయం. అదే వారం డాక్టరు మరో రెండు మార్పులు చేశారు. రాత్రి ఇస్తున్న డోనెపెజిల్ అనే డిమెన్షియా మాత్రని ఉదయం టిఫిన్ తర్వాతకి మార్చారు, రాత్రి వేస్తే కొందరికి కలలు ఎక్కువై నిద్ర చెదురుతుంది. బీపీ మాత్రలో ఒంటికి ఎక్కువగా పోయించే మందు కలిసి ఉంది, దాన్నీ పొద్దుటికి తెచ్చారు. హైదరాబాద్‌లో ఎవరో "రాత్రి మాత్రలు" అని ఒక డబ్బాలో పోసిచ్చినదే మేమూ కొనసాగించాం. రాత్రి లేవడాలు రెండు వారాల్లో 8 నుంచి 3కి తగ్గడంలో మీటరు వాటా ఎంత, మాత్రల వాటా ఎంత అంటే విడదీసి చెప్పలేను.

కొడుక్కి ఇది నచ్చలేదు. "మా నాన్నతో నాటకం ఆడుతున్నారా?" అని ఫోన్‌లో అడిగాడు. అతను అడిగినదాంట్లో తప్పేమీ లేదు. తర్వాత మేం ఒక కట్టుబాటు పెట్టుకున్నాం: బ్యారన్ మాట మేం ఎత్తం. పెద్దాయన ఎత్తితే అడుగుతాం, ఆయన చెప్పింది వింటాం, లోపల ఆకు ఉందని గానీ పొయ్యి మండుతోందని గానీ మా నోటితో చెప్పం. ముల్లు 98 దగ్గర పెట్టడం మాత్రం అబద్ధమే. ఆ అబద్ధంతో నేను సర్దుకున్నాను, వేరేవాళ్లు సర్దుకోలేకపోతే వాళ్లని తప్పుపట్టను.

కట్టుబాటు ఎందుకు కావాల్సి వచ్చిందో మార్చి మూడో వారంలో తెలిసింది. కొత్తగా చేరిన నైట్ అబ్బాయికి ఆ రాత్రి రెండుసార్లు లేవాల్సొచ్చింది. ఓపిక పోయి, మంచి ఉద్దేశంతోనే, "పొయ్యి ఆరిపోయింది పెదనాన్నా, ఇంక పనేం లేదు, పడుకో" అన్నాడు. అతనిది కనిగిరి దగ్గర, ఇంట్లో పొగాకు లేదు. పొయ్యి ఆరిపోయిందంటే పని అయిపోయిందని అతని అర్థం. పెద్దాయనకి అది ఇల్లు మునిగిన వార్త. కట్టెల కోసం మంచాల కింద వెతికారు. పక్క మంచం కర్ర పీకబోయారు. "కునుకు పట్టింది, నాకే కునుకు పట్టింది" అని తల కొట్టుకున్నారు. తెల్లవారుజామున 5 దాకా ఇద్దరం చెరో చెయ్యి పట్టుకుని వరండాలో నడిపించాం. ఆ అబ్బాయి వణికిపోయాడు. అతన్ని ఎవరూ తిట్టలేదు, చెప్పకుండా డ్యూటీలో పెట్టింది నేను.

ఇప్పుడు ఆయన కేస్ షీట్ మొదటి పేజీలో ఎర్ర పెన్నుతో రాసి ఉంటుంది: పొయ్యి ఆరిపోయిందని చెప్పకూడదు.

సాయంత్రం సంగతి వేరు

రాత్రి తగ్గింది, సాయంత్రం మాత్రం 13 నుంచి 12కి వచ్చింది. అంటే ఏమీ తగ్గలేదు. నేను మాత్రం బ్యారన్‌నే పట్టుకుని వేలాడాను. సాయంత్రం పొయ్యి రాజేసే వేళ కాబట్టి వెళ్తున్నారేమో అని ఐదింటికి మీటరు చూపించాను. ఎండుపుల్లలు కట్ట కట్టమని ఇచ్చాను. పుల్లలు పక్కన పెట్టి తలుపు వైపు నడిచారు. రెండు వారాలు ఇలాగే పోయాయి.

కొండపి నుంచి వచ్చే మా పెద్ద ఆయా ఒకరోజు వంటగదిలో పళ్లెం కడుగుతూ అంది: "ఆయన బయల్దేరేది మేం బయల్దేరేటప్పుడే కదా సిస్టర్."

నోటు పుస్తకం తెచ్చి చూశాను. పగటి ఆయాలు ముగ్గురు 5:30కి వెళ్తారు. ఐదుంపావు నుంచే వరండాలో సందడి. చీరలు సర్దుకోవడం, బ్యాగులు భుజాన వేసుకోవడం, స్టాండు దగ్గర చెప్పులు వెతుక్కోవడం, "వెళ్లొస్తాం తాతయ్యా" అని ఒక్కొక్కరికీ చెప్పడం. అందరూ ఇళ్లకి పోతున్నారు, పొద్దుగూకింది, మరి ఆయన ఎందుకు కూర్చోవాలి? ఆయన కూడా కండువా వేసుకుని లేస్తున్నారు. నెత్తి మీద నీళ్లు పోసినట్టయింది ఇంకో విషయం గుర్తొచ్చి: అంతకుముందు ఆయాలు ఏడింటికి, భోజనాలయ్యాక వెళ్లేవాళ్లు. పల్లె బస్సు టైము మారిందని వాళ్లడిగితే డ్యూటీ 5:30కి మార్చింది జనవరి 20న. పొగాకు సీజన్ అని నేను మురిసిపోయిన ఆ "జనవరి ఆఖరు" సగం మా డ్యూటీ చార్టే.

చెప్పుల స్టాండు, బ్యాగుల కొక్కేలు వెనక వంటగది గుమ్మానికి మార్చాం. వెళ్లేవాళ్లు చెప్పకుండా ఆ దారినే వెళ్తారు. ఒక ఆయాకి ఇది కష్టంగానే ఉంది, "వెళ్లొస్తాననకుండా ఎట్టా పోతాం" అంటుంది. ఐదుంపావుకి పెద్దాయన వెనక పెరట్లో, తోటమాలితో. అక్కడ వేపచెట్ల చుట్టూ తిరిగి మొదలైన చోటికే వచ్చే ఇటుకల దారి ఒకటి వేయించాం, ఎక్కడా అడ్డం తగలదు. నడవడం ఆపాలని మాకెప్పుడూ లేదు. ఎండాకాలం వచ్చాక దాన్ని ఆరింటికి జరిపి, చేతికి నీళ్లు ఇచ్చి పంపుతున్నాం.

ఆ నీళ్ల సీసా. పుస్తకంలో "చేతిలో ఏముంది" గడిలో సాయంత్రం 13 సార్లలో 9 సార్లు నీళ్ల సీసా అని ఉంది. నేనే రాశాను, నేనే పట్టించుకోలేదు. కూతురికి ఫోన్ చేస్తే నవ్వి, "చెంబు పట్టుకుని చేలోకి పోవడం సిస్టర్, మా ఇంట్లో బాత్రూము కట్టాక కూడా నాన్న సాయంత్రాలు అంతే" అంది. నాలుగున్నరకి రెండు గ్లాసుల టీ, పెరిగిన ప్రోస్టేట్, మూడు రోజులుగా మలబద్ధకం. మా బాత్రూమేమో తెల్ల గోడలు, తెల్ల టైల్స్, తెల్ల వెస్టర్న్ సీటు. అందులో అది ఏమిటో ఆయన కంటికి ఆనడం లేదు. తలుపు మూసి ఉంటే అది బాత్రూమని కూడా తెలియదు. ముదురు రంగు సీటు వేయించాం. తలుపు తీసి లైటు వేసి ఉంచుతాం. ఎర్ర బకెట్టు, స్టీలు చెంబు బయటికి కనిపించేలా. 4:50కి ఒకరు చెంబు చేతికిచ్చి తోడు వెళ్తారు. ప్రోస్టేట్‌కి డాక్టరు మందు మార్చారు, స్కానింగ్‌లో ఒంటికి పోశాక కూడా మూత్రసంచిలో బాగా మిగిలిపోతోందని తేలింది. మలబద్ధకానికి అరటిపండు, ఇసబ్గోల్.

తర్వాతి రెండు వారాల్లో సాయంత్రం ప్రయత్నాలు 4. ఆ తర్వాత రెండు వారాల్లో 1.

తలుపుల మీద చేసినవి పెద్దగా చెప్పుకోవాల్సినవి కావు. సైరన్ అలారం పెడితే మిగతావాళ్లు ఉలిక్కిపడ్డారు, తీసేసి తలుపుకి ఎద్దుల మువ్వలు కట్టాం. గుమ్మం ముందు నల్ల పట్టా వేస్తే గొయ్యి అనుకుని ఆగుతారని కొందరు చేస్తారు. దాటబోయి పడతారని నాకు భయం, వెయ్యలేదు. చూడ్డానికొచ్చే వాళ్ల మెడలో పసుపు కార్డు వేస్తాం. కార్డు లేని మనిషి ఎంత పెద్దమనిషిలా ఉన్నా, లోపలికి ఫోన్ చేయకుండా వాచ్‌మన్ గేటు తీయడు. మున్సిపాలిటీ ఆయన్ని ఒకసారి పది నిమిషాలు ఆపేశాడు, నేను సంతోషించాను.

ఉగాది నాడు

ఇంత చేశాక కూడా మళ్లీ వెళ్లిపోయారు. ఉగాది, కుటుంబాలన్నీ వచ్చాయి, భోజనాల క్యారియర్లు దింపడానికి గేటు బార్లా తీసి ఉంది. పసుపు కార్డులు పదే ఉన్నాయి, వచ్చినవాళ్లు ముప్పై మంది. 11:20కి లేరని తెలిసింది.

కొడుకు కొనిచ్చిన జీపీఎస్ వాచీ ఆయన హోమ్‌లోనే ఉన్నారని చూపించింది. వాచీ నిజంగానే హోమ్‌లో ఉంది, దిండు గలీబులో. చేతికి ఉన్నది ఏదైనా తీసేస్తారు, ఎప్పుడూ పెట్టుకునే రాగి కడియం తప్ప. మార్చిలోనే ఆ కడియం మీద మా నంబరు చెక్కించాం.

ఈసారి లోపల పది నిమిషాలు, 11:30కి 112. ఆయన పొద్దున వేసుకున్న చొక్కాతో తీసిన ఫోటో నైట్ డ్యూటీ ఫోన్‌లో ఉంది, రోజూ తీస్తాం. ఇద్దరు వెనక చిల్లచెట్లలోకి, పిలవకుండా, కంప కంప చూసుకుంటూ. ఒకరు కాలవగట్టు వెంట. ఒకరు మాత్రమే రోడ్డు మీదికి. 11:45కి ఫోన్ మోగింది. టీకొట్టతను. అతని దగ్గర, ఆటోస్టాండులో, మేకలావిడ దగ్గర మా కార్డు ఉంది, మా నంబరు, 112, పెద్దవాళ్ల కోసం ఉన్న 14567 రాసి. అతను కార్డు వెతుక్కోలేదు, కడియం చూసి చేశాడు. "కూర్చోబెట్టి టీ ఇచ్చానక్కా, చక్కెర ఎక్కువేయమన్నాడు, షుగరుందా ఈయనకి?"

కొడుక్కి 11:35కే చెప్పాను. తిడతాడనుకున్నాను. "దొరికాక చెప్పినా ఏమనేవాడిని కాదు సిస్టర్" అన్నాడు. నాకు అది నమ్మాలనిపించలేదు, అయినా సరే.

కొడుకు ఉన్న రాత్రి

ఏప్రిల్‌లో ఒక శనివారం కొడుకు రాత్రికి ఉంటానన్నాడు. నాటకం అన్న మనిషే. 2:15కి పెద్దాయన లేచారు. నైట్ సిస్టర్‌కి సైగ చేసి కొడుకే వెళ్లాడు. ఏమని పిలవాలో తెలియక కాసేపు నిలబడి, చివరికి "వేడెంతుంది?" అన్నాడు. పెద్దాయన మీటరు చూశారు. చెప్పారు. తర్వాత ఇతని వైపు తిరిగి గొంతు తగ్గించి అన్నారు: "మెల్లగా మాట్లాడు. లోపల మా వాడు చదువుకుని ఇప్పుడే పడుకున్నాడు. వాణ్ణి లేపబాక."

ఆ కొడుకు చీరాలలో ఇంటర్ చదివి, గుంటూరులో ఇంజనీరింగ్ చేసి, ఆ బ్యారన్ డబ్బులతోనే హైదరాబాద్ వెళ్లాడు. ఒక్క రాత్రి కూడా పొయ్యి దగ్గర కూర్చోలేదట. "లేపను" అన్నాడు. పొద్దున నాకు ఇదంతా అతనే చెప్పాడు, డయల్ మీటరు గురించి మళ్లీ ఏమీ అడగలేదు. పుస్తకంలో ఆ రాత్రికి నైట్ సిస్టర్ రాసింది: 2:15 లేచారు, 2:30 పడుకున్నారు.

ఇప్పుడు

ఉగాది తర్వాత గేటు దాటలేదు. జబ్బు మాత్రం ఆగలేదు. అంకెలు చదవడం తగ్గిపోయింది. మే నెల నుంచి మీటరు ముందు నిలబడతారు గానీ ముల్లు వైపు చూడరు. గోడకి అరచెయ్యి ఆనించి, కాసేపుంచి, "కాక బాగానే ఉంది" అంటారు. పడమటి గోడ కాబట్టి ఎండాకాలం రాత్రి రెండింటికి కూడా వెచ్చగానే ఉంటుంది.

వానలు పడి గోడ చల్లబడితే ఏమంటారో తెలియదు. మంచానికీ ఆ గోడకీ మధ్య లోపల గోడ ఒకటుంది, వంటగది పొయ్యి దానికి అవతలే. జూన్ నుంచి ఆయన మంచాన్ని అటు జరిపి చూద్దామని స్టాఫ్‌తో అనుకున్నాం. గ్యాస్ రెగ్యులేటర్ రాత్రి కట్టేశారా లేదా అని చూసే పని ఇప్పుడు రాతపూర్వకంగా ఒకరికి ఇచ్చాం.